తనమీద తానే పందెం

ఒక ఉక్కు పట్టణంలో ఉద్యోగాన్నీ, ఆస్తినీ, చివరకు అలవాటైన తట్టనూ పణంగా పెట్టినవారి కథలు

మా ఇంటికి కొత్తగా వచ్చిన బంధువులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఇక్కడ గనులెక్కడున్నాయండీ?" టాటానగర్ రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలో, జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు కనిపించేంత దగ్గరలో ఉన్న మా పేట పేరు బర్మామైన్స్. ఇక్కడ గనులు లేవు, బర్మావారూ లేరు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి మూడు నాలుగు తరాల క్రితం కూలికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. వాటి పక్కనే బీహారు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కుటుంబాలున్నాయి. పేరు మాత్రం ఓడిపోయిన ఒక పందెం మిగిల్చిపోయిన గుర్తు.

ఉత్తర బర్మాలో, షాన్ కొండల నడుమ, బాడ్విన్ అనేచోట సీసం, వెండి, యశదం దొరికే గొప్ప గనులున్నాయి. చైనీయులు శతాబ్దాల తరబడి అక్కడ వెండి తీశారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆ గనులకు మళ్ళీ ప్రాణం పోయడానికి పూనుకున్నవారిలో హెర్బర్ట్ హూవర్ ఒకరు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయన అప్పటికి గనుల ఇంజనీరు మాత్రమే. ఆ గనులను నడిపిన బర్మా కార్పొరేషన్, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులలో, తన యశదపు ఖనిజాన్ని ఇక్కడికి తెచ్చి కరిగించాలని తలపోసింది. కొత్తగా వెలసిన ఉక్కు పట్టణం, ముంగిట్లో రైలు, చేరువలో బొగ్గు అన్నీ అనుకూలంగానే కనిపించాయి. అయినా ఆ కార్ఖానా నిలదొక్కుకోలేదు. కంపెనీ వెళ్ళిపోయింది, దాని పేరు ఈ వీధులకు అంటుకుపోయింది. ఫలించని పందాలకు ఇంతటి స్మారకం సాధారణంగా దక్కదు.

ఒక భాష నుంచి మరొక భాషలోకి మాటలు మోసే కూలిపని నాది. కొన్నేళ్ళుగా ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే పుస్తకాలు తరచు నా బల్లమీదికి వస్తున్నాయి. వాటిలో 'ఆథెంటిక్ లీడర్‌షిప్' అనే మాట తప్పనిసరి. 2003లో బిల్ జార్జ్ అనే అమెరికన్ కంపెనీ అధిపతి ఆ పేరుతో ఒక పుస్తకం రాసిన తర్వాత ఆ మాట మరీ చలామణిలోకి వచ్చింది. దాన్ని 'నిజమైన నాయకత్వం' అని తెనిగిస్తే తక్కినదంతా బూటకమన్న ధ్వని వస్తుంది. 'సహజ నాయకత్వం' అంటే పుట్టుకతో వచ్చే వరమేమో అనిపిస్తుంది. విసిగి నిఘంటువు తిరగేస్తే తెలిసింది: ఆ ఇంగ్లీషు మాటకు గ్రీకు మూలమున్నది. దాని అర్థం, తన చేతితో తాను పని చేసేవాడు, తన చేతకు తానే కర్త అయినవాడు. ఇది మన వ్యాకరణానికి బాగా తెలిసిన భావమే. కర్తరి ప్రయోగం సర్కారు కాగితాలలో కరవైపోయింది. "నిర్ణయించడమైనది", "తొలగించడమైనది" అంటారుగాని ఎవరు నిర్ణయించారో, ఎవరు తొలగించారో చెప్పరు. నేను నిర్ణయించాను అని చెప్పగలవాడే ఆ గ్రీకు మాటకు తగినవాడు.

అటువంటివారి కోసం శిక్షణ పుస్తకాలు అమెరికా కంపెనీల ఉదాహరణలిస్తాయి. అంత దూరం పోనక్కరలేదు. నేనున్న ఈ పట్టణం పుట్టుకే ఒక ఉద్యోగి రాజీనామాతో ముడిపడి ఉన్నది.

ప్రమథనాథ్ బోస్ 1855 మే 12న బెంగాల్‌లో జన్మించారు. పోటీ పరీక్షలో ఉపకారవేతనం గెలుచుకుని 1874లో లండన్ వెళ్ళి విజ్ఞానశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. 1880లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో అధికారిగా చేరారు. అప్పట్లో ఆ హోదా తెల్లవారి సొత్తు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు ఎడ్లబండిమీద, ఏనుగుమీద, కాలినడకన ఆయన తిరగని కొండలేదు. నర్మదా లోయలోనూ, అస్సాంలోనూ, మధ్య పరగణాలలోనూ తిరిగారు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని ధల్లీ-రాజ్‌హరా కొండలలో ఇనుప ఖనిజముందని ఆయన 1880లలోనే నివేదించారు. సర్కారు ఆ నివేదికను అచ్చువేసి అలమరలో పెట్టింది. సుమారు డెబ్బై ఏళ్ళ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారానికి అన్నం పెట్టినవి ఆ కొండలే.

1903లో శాఖాధిపతి పదవి ఖాళీ అయింది. అనుభవాన్నిబట్టి చూస్తే బోసుకు రావలసిన పదవి అది. సర్కారు దాన్ని థామస్ హాలండ్ అనే ఆంగ్లేయుడికిచ్చింది. హాలండ్ సమర్థుడే, శాస్త్రజ్ఞుడుగా పేరున్నవాడే. కాని సర్వీసులో బోసుకంటె పదేళ్ళు చిన్న. బోసుకు అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. ఇంటినిండా పిల్లలు. మామగారు రమేశ్ చంద్ర దత్తు దేశమంతా పేరున్న పెద్దమనిషి. ఊరుకుంటే మరికొన్నాళ్ళ జీతం, మర్యాద, పెద్ద పింఛను వచ్చేవి. ఆయన ఊరుకోలేదు. ఉద్యోగం వదిలి బయటికి వచ్చారు.

ఇక్కడ ఒక మాట. రాజీనామా అనగానే మనకు తెగువ కనిపిస్తుంది. బల్లమీద కాగితం విసిరికొట్టడం కనిపిస్తుంది. సినిమాలలో అది బాగుంటుంది. బోసు విసిరినది కాగితమే. తనతోపాటు బయటికి తీసుకుపోయినది మాత్రం ఇరవై మూడేళ్ళ కొండల జ్ఞానం. సర్కారు తీసుకోలేనిది అదొక్కటే. ఆయన పందెం గుడ్డిది కాదు. తన చేతిలో ఏమున్నదో తెలిసి ఆడిన ఆట.

మయూర్‌భంజ్ సంస్థానం మహారాజు శ్రీరామచంద్ర భంజ్‌దేవ్ ఆయనను తన రాజ్యంలో ఖనిజాలు వెదకడానికి పిలిచారు. అక్కడ గోరుమహిసాణి కొండ ఉన్నది. దాన్ని పరీక్షించిన బోసు ఉన్నతమైన ఇనుప ఖనిజం అపారంగా ఉందని గ్రహించారు. 1904 ఫిబ్రవరి 24న జంషెడ్‌జీ టాటాకు ఒక ఉత్తరం రాశారు. ఉక్కు కర్మాగారంకోసం టాటాలు అప్పటికి మధ్య పరగణాలలో వెదుకుతున్నారు. అక్కడ ఇనుమున్నచోట తగిన బొగ్గులేదు, నీరులేదు. బోసు చూపిన కొండ బెంగాల్ బొగ్గుగనులకు చేరువ. ఉత్తరం అందిన మూడు నెలలకే, మే నెలలో, జంషెడ్‌జీ జర్మనీలో కన్నుమూశారు. కొడుకు దొరాబ్జీ, అమెరికన్ నిపుణులు పెరిన్, వెల్డ్ ఆ ఉత్తరాన్ని పట్టుకుని మయూర్‌భంజ్ కొండలెక్కారు. 1907లో కంపెనీ పెట్టినప్పుడు స్వదేశీ ఉద్యమపు వేడిలో మూడు వారాలలో దాదాపు 8,000 మంది భారతీయులు వాటాలు కొన్నారు. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట, సాక్చీ అనే పల్లెవద్ద, 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మె వెలువడింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ఆ పల్లెకు జంషెడ్‌పూర్ అని పేరుపెట్టారు. ఏటా మే 12న ఈ ఊళ్ళో బోసు విగ్రహానికి పూలమాల వేస్తారు. పదోన్నతి దక్కి ఉంటే ఆయన శాఖాధిపతిగా పింఛను పుచ్చుకునేవారు. మేము ఎక్కడ పుట్టి ఉండేవాళ్ళమో!

దొరాబ్జీ కథ పాఠకులలో చాలామందికి తెలిసినదే గనుక సంక్షేపంగా చెబుతాను. యుద్ధకాలంలో కర్మాగారాన్ని విస్తరించడం మొదలుపెట్టారు. యుద్ధం ముగిసేసరికి యంత్రాల ధరలు పెరిగాయి, ఉక్కు ధర పడిపోయింది. విదేశీ ఉక్కు చౌకగా దిగింది. జపాను మన పోత ఇనుమును బాగా కొనేది. 1923 భూకంపంతో ఆ గిరాకీ కూడా దెబ్బతిన్నది. 1924లో జీతాలకు డబ్బులేదని జంషెడ్‌పూర్ నుంచి బొంబాయికి తంతి వెళ్ళింది. దొరాబ్జీ తన యావదాస్తినీ ఇంపీరియల్ బాంకులో కుదువపెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. అందులో భార్య మెహర్‌బాయి నగలున్నాయి. కోహినూరుకు రెండింతలు తూగే జూబిలీ వజ్రం ఉన్నది. అదే ఏడు దిగుమతి ఉక్కుపై సుంకాలు వేస్తూ చట్టం వచ్చింది, కంపెనీ గట్టెక్కింది. వజ్రం భద్రంగా తిరిగివచ్చింది. దంపతులిద్దరూ పోయిన తర్వాత దాన్ని అమ్మిన సొమ్ము ధర్మనిధికి చేరింది. బొంబాయిలో 1941లో తెరిచిన టాటా మెమోరియల్ కాన్సర్ ఆసుపత్రి ఆ ధర్మనిధి స్థాపించినదే.

ఇది గొప్ప సాహసమే. అయితే కోటీశ్వరుడు తన కోటి పణంగా పెట్టిన కథను నెలజీతగాడికి ఆదర్శంగా చూపడం నాకు ఎప్పుడూ కొంత ఇబ్బందిగానే తోస్తుంది. ఆ రోజులలోనే పాలకొండ వైపునుంచో, పర్లాకిమిడి వైపునుంచో ఒక రేకు పెట్టె, ఒక చెంబు పట్టుకుని ఖరగ్‌పూర్ మీదుగా వచ్చి కాళీమాటిలో రైలు దిగిన మనిషి పెట్టిన పణం తక్కువదా? కాళీమాటి అంటే నేటి టాటానగర్ స్టేషనుకు పాతపేరు. ఆ మనిషికి బాంకులేదు. భాష రాదు. వెనక్కి పోవడానికి టిక్కెట్టు డబ్బులుండేవి కావు. అలా వచ్చినవారు బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నారు, నాటకాలాడుకున్నారు, పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుకున్నారు. కంపెనీ చరిత్రలలో వారి పేర్లు లేవు.

ఇక ఈ ఊరు 'సాహెబ్' అని పిలుచుకున్న మనిషి దగ్గరికి వస్తాను. రూసీ మోడీని తలచుకోకుండా జంషెడ్‌పూర్‌లో నాయకత్వం మాటెత్తడం సాధ్యం కాదు.

ఆయన 1918లో పుట్టారు. తండ్రి సర్ హోమీ మోడీ బొంబాయి మిల్లు యజమానుల నాయకుడు, తర్వాత ఉత్తరప్రదేశ్ గవర్నరు. తమ్ముడు పీలూ మోడీ స్వతంత్ర పార్టీ పార్లమెంటు సభ్యుడుగా హాస్యానికి, స్థూలకాయానికి పేరుపడ్డవారు. రూసీ ఇంగ్లండులో హారో పాఠశాలలో, ఆక్స్‌ఫర్డులో చదివారు. పియానో వాయించేవారు. ఒక్కపూట పదిహేను పదహారు గుడ్ల అట్టు తినగలరని ప్రతీతి. ఇటువంటి జమీందారీ పెంపకంలోని యువకుడు 1939లో టాటా ఉక్కు కంపెనీలో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టారు. మెట్టుమెట్టుగా 1953లో సిబ్బంది వ్యవహారాల డైరెక్టరు, 1965లో ముడిసరుకుల డైరెక్టరు, 1974లో మానేజింగ్ డైరెక్టరు, 1984లో చైర్మను అయ్యారు.

సిబ్బంది శాఖ అప్పుడు పూలబాట కాదు. 1928లో ఇక్కడ దీర్ఘకాలం సాగిన సమ్మెలో సుభాస్ చంద్రబోసే కార్మికుల తరఫున నిలబడ్డారు. కార్మిక నాయకుడు ఆచార్య అబ్దుల్ బారీ 1947లో తుపాకి గుండుకు బలయ్యారు. 1956 జనవరిలో మైకేల్ జాన్ నాయకత్వంలోని కార్మిక సంఘానికీ, కంపెనీకీ మధ్య ఒక చరిత్రాత్మక ఒప్పందం కుదిరింది. యంత్రాలు మారినా పని పోదని కంపెనీ మాట ఇచ్చింది. ఉత్పత్తికి తోడ్పడతామని సంఘం మాట ఇచ్చింది. ఇరుపక్షాలూ కలిసి కూర్చునే మండళ్ళు ఏర్పడ్డాయి. రెండేళ్ళు దాటాక 1958లో కేదార్ దాస్ నాయకత్వాన మరొక సంఘం పెద్ద సమ్మె చేసింది. పోలీసు కాల్పులు జరిగాయి. రూసీ మోడీ పాఠాలు నేర్చుకున్న బడి ఇది. ఆయన నేర్చుకున్నది చాలా సులువైన సంగతి, ఆచరించడం మాత్రం కష్టమైన సంగతి. మనిషికి ఫిర్యాదు తీరకపోయినా సహిస్తాడు. వినేవాడు లేకపోతే సహించడు.

ఆయన దర్బారు ఊరంతటికీ తెలుసు. ఎవరైనా పోయి కలవవచ్చు. వందలమందితో సభ పెట్టి ఎదురుగా నిలబడి ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేవారు. కొరివివంటి హిందుస్తానీ మాట్లాడేవారు, పేర్లు గుర్తుపెట్టుకునేవారు, కార్మికుల ఇళ్ళలో పీటవేసుకుని భోంచేసేవారు. మా చిన్నతనంలో ఏ ఇంట్లో నలుగురు కూర్చున్నా ఆయన కథ ఒకటి దొర్లవలసిందే. అన్నిటికంటె ప్రచారంలో ఉన్నది మరుగుదొడ్ల కథ. కార్మికుల మరుగుదొడ్లు అధ్వాన్నంగా ఉన్నాయని సభలో ఒకడు లేచి చెప్పాడట. బాగుచేయడానికి ఎన్నాళ్ళు పడుతుందని సాహెబ్ అధికారిని అడిగారట. నెలరోజులన్నాడాయన. "నేను ఒక్కరోజులో చేస్తాను, వడ్రంగిని పంపండి" అన్న సాహెబ్, మర్నాడు అధికారుల మరుగుదొడ్లమీది పలకను కార్మికుల వాటికి, కార్మికుల పలకను అధికారుల వాటికి మార్పించారట. ఆ సాయంత్రానికే అన్నీ తళతళలాడాయట!

కథ మరీ చక్కగా ఉన్నది. ఇంత చక్కని కథలను వృత్తిరీత్యా నేను కొంచెం అనుమానంతో చూస్తాను. ఇటువంటివే తెనాలి రామకృష్ణుడి మీద, బీర్బలు మీద చదివి ఉన్నాం. కాని ఒక ఊరు తన నాయకుడి గురించి ఎటువంటి కథ కట్టుకున్నదో గమనించదగినది. ఆయన గొప్ప ఉపన్యాసం ఇచ్చినట్టు కట్టుకోలేదు. ఉక్కు ఉత్పత్తి పెంచినట్టు కట్టుకోలేదు. తన వర్గంవారిని ఒక్కరోజు తమ దొడ్డిలోకి పంపినట్టు కట్టుకున్నది.

ఆ కథలకు పునాది లేదనడానికి వీల్లేదు. 1979లో జనతా ప్రభుత్వపు పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్, ఉక్కు మంత్రి బిజూ పట్నాయక్ ఈ కర్మాగారాన్ని జాతీయం చేయాలన్న ప్రతిపాదన తెచ్చారు. జాతీయీకరణ అంటే కార్మిక సంఘాలు పండుగ చేసుకునే రోజులవి. ఇక్కడ మాత్రం వి. జి. గోపాల్ నాయకత్వంలోని కార్మిక సంఘమే వద్దని అడ్డునిలిచింది. ప్రతిపాదన వెనక్కి పోయింది. ప్రైవేటు యజమానిని ఉంచమని కార్మికులు సర్కారుతో పోట్లాడిన ఘట్టం మన దేశ చరిత్రలో అరుదు. అది ఒక్క మోడీ గొప్పతనం కాదు. ఎనిమిది గంటల పనిదినం 1912లో, ఉచిత వైద్యం 1915లో, జీతంతో సెలవులు 1920లో మొదలుపెట్టిన సంస్థ అది. ఆ నమ్మకానికి ఆ సమయంలో ముఖం మాత్రం ఆయనదే.

శిక్షణ పుస్తకాలైతే ఇక్కడితో అధ్యాయం ముగించి, పేజీ చివర ఆలోచించవలసిన ప్రశ్నలు ఇస్తాయి. అసలు పాఠం ఇక్కడినుంచే ఉన్నదని నా అభిప్రాయం.

తనమీద తనకు నమ్మకం ఉండడం వేరు, తనకు తప్ప మరొకరికి చేతకాదనుకోవడం వేరు. మొదటిది ఎక్కడ ముగిసి రెండోది ఎక్కడ మొదలవుతుందో లోపలివాడికి తెలియదు. 1991 చివర మోడీ సంస్థ పై పదవులలో మార్పులు ప్రకటించారు. తన ఆంతరంగికుణ్ణి అందలమెక్కిస్తున్నారనీ, ఏళ్ళ తరబడి పనిచేసిన జంషెద్ ఇరానీ వంటివారిని పక్కకు నెడుతున్నారనీ దుమారం లేచింది. బోర్డు సమ్మతించలేదు. టాటా సంస్థలలో పదవులకు వయోపరిమితి నియమం అప్పుడే గట్టిపడింది. 1992లో ఇరానీ మానేజింగ్ డైరెక్టరయ్యారు. పోరు పత్రికలకెక్కింది. 1993 ఏప్రిల్‌లో, డెబ్బై అయిదేళ్ళు నిండిన కొద్ది నెలలకు, బోర్డు మోడీని చైర్మను పదవినుంచి తొలగించింది. రతన్ టాటా ఆ కుర్చీలో కూర్చున్నారు. యాభై నాలుగేళ్ళ కొలువు అలా ముగిసింది. అదే ఏడాది వి. జి. గోపాల్‌ను దుండగులు కాల్చిచంపారు. మా పేటలో ఆ రెండు వార్తలకూ పెద్దవాళ్ళు ఒకే రకంగా మౌనంగా కూర్చోవడం నాకు గుర్తున్నది.

కాలం మారింది. 1991 సంస్కరణలతో విదేశీ ఉక్కు తలుపు తట్టింది. అప్పటికి కంపెనీలో డెబ్బైవేలకు పైగా మనుషులున్నారు. తండ్రి తర్వాత కొడుకుకు కొలువు దక్కుతుందన్న హామీమీద తరాలు నడిచాయి. సాహెబ్ వద్దకు పోయి చెప్పుకుంటే పని దొరుకుతుందన్న ఆ ఉదారత్వానికి ఖరీదు ఇరానీ కాలంలో కట్టవలసి వచ్చింది. స్వచ్ఛందంగా తప్పుకున్నవారికి విరమణ వయసు వరకు నెలనెలా జీతం చెల్లించే పథకం పెట్టి, పదేళ్ళలో సంఖ్యను దాదాపు సగానికి తెచ్చారు. కొలిమి చల్లారలేదు, ఊరు తగలబడలేదు. ఇరానీ గురించి ఊళ్ళో ఒక్క కథ కూడా లేదు. ఆయన చేసినది తక్కువ నాయకత్వమా? నేనలా అనుకోను. ప్రేమించబడే పని ఒకరు చేశారు. ఎవరూ ప్రేమించని, చేయక తప్పని పని ఇంకొకరు చేశారు. తన చేతకు తానే కర్త అన్న పరీక్షలో ఇద్దరూ నెగ్గినట్టే.

1998లో, ఎనభై ఏళ్ళ వయసులో, రూసీ మోడీ జంషెడ్‌పూర్ లోక్‌సభ స్థానానికి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. తన పేరుమీద తాను కాసిన ఆఖరి పెద్ద పందెం అది. ఓడిపోయారు. భోజనానికి ఆయన ఇంటికి వస్తే పండుగ చేసుకున్నవారు ఓటు వేరొకరికి వేశారు. ఇందులో కృతఘ్నత లేదు. ఫిర్యాదు వినే సాహెబ్ వేరు, పార్లమెంటు సభ్యుడు వేరు అని జనం తేల్చుకున్నారు. 2014 మే 16న కలకత్తాలో ఆయన కన్నుమూశారు. అది సార్వత్రిక ఎన్నికల ఫలితాలు వెలువడిన రోజు. వార్త లోపలి పేజీలకు పోయింది.

నాయకులను గురించి ఇంత చెప్పాక, ఏ నాయకత్వమూ లేనివారి సంగతి ఒకటి చెప్పాలి. ఈ ఊళ్ళో కూలి స్త్రీని 'రేజా' అంటారు. తట్ట నెత్తిన పెట్టుకుని ఇటుకలు, మట్టి, తుక్కు మోయడం రేజా పని. కర్మాగారంలో రేజాలుగా, స్వీపర్లుగా ఎందరో స్త్రీలుండేవారు. వారిలో పలువురు భర్త చనిపోయినందువల్ల ఆ ఉద్యోగంలోకి వచ్చినవారు. చదువు తక్కువ. యంత్రాలు వచ్చేకొద్దీ తట్టకు పని తగ్గింది. ఈ శతాబ్దం తొలి దశకంలో కంపెనీ 'తేజస్విని' అనే కార్యక్రమం పెట్టి, ఇష్టపడినవారికి క్రేనులు, బరువుబండ్లు, లోకో ఇంజన్లు నడపడం నేర్పింది.

'ఇష్టపడినవారికి' అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఎవరూ బలవంతం చేయలేదు. జీతం ఎటూ వస్తున్నది. కాదని కూర్చుంటే అడిగేవారు లేరు. ఒప్పుకుంటే నలభయ్యో పడిలో మళ్ళీ బడి. ప్యాంటు, చొక్కా, బూట్లు, తలమీద టోపీ. చీర తప్ప కట్టి ఎరగని మనిషి ఆ దుస్తులతో వీధిలో నడవాలి. మగవాళ్ళు నడిపే బండి నడిపి, తప్పు జరిగితే వారందరి నవ్వు భరించాలి. ఇంట్లో ఎదిగిన కొడుకులు "నీకెందుకమ్మా" అంటారు. బోసుకు ఇరవై మూడేళ్ళ విద్య ఉన్నది; దొరాబ్జీకి వజ్రమున్నది; మోడీకి ఇంటిపేరున్నది. వీరి చేతిలో అదేదీ లేదు. ఉన్నదల్లా ఇన్నేళ్ళు బరువు మోసిన అలవాటు, బతుకులో అంతకంటె పెద్ద భయాలు చూసిన అనుభవం. మొదట ముందుకొచ్చినవారు కొద్దిమందే. వారు నేర్చుకుని వచ్చి నడుపుతూ ఉంటే తక్కినవారు వచ్చారు. 2019లో నోవాముండి ఇనుప గనులలో స్త్రీలను అన్ని షిఫ్టులలోనూ నియమించడం మొదలైంది. ఇరవై ఏళ్ళ వయసులో డంపరెక్కుతున్న నేటి ఆడపిల్లలకు ఆ తొలి రేజాల పేర్లు తెలిసి ఉండవు.

మా వీధిలో ఒకామె ఉన్నది. శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చిన కుటుంబం. తట్టనుంచి క్రేనుకు మారి, కొన్నాళ్ళ క్రితమే ఉద్యోగ విరమణ చేసింది. శిక్షణ పుస్తకం ఒకటి తెనిగిస్తున్న రోజులలో, అందులో 'భయాన్ని జయించుట' అనే అధ్యాయంలో ఇరుక్కుపోయి, ఆమెను అడిగాను: మొదటిరోజు అంత ఎత్తున, ఆ ఇనుప గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు భయం వేయలేదా అని.

"బయమెందుకేస్తది బాబూ," అన్నది. "కింద నిలబడి తట్ట ఎత్తుకున్నన్నాళ్ళూ బయమేసేది, పైనుంచి ఏది జారి పడతదో అని. పైకెక్కినాక ఆ బయం పోనాది. మరైతే కిందున్నోల్ల మీద బయం అట్టుకున్నాది. ఆల్లకేటైనా అయితే నాదే గదా బాదెత. ఆ బయం దిగిపోయినదాకా పోనేదు."

ఎ షిఫ్టు ఆరుగంటలకు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే అలవాటు ఆమెకు ఇంకా పోలేదు. మా వీధిలో మొదట వెలిగే దీపం ఇప్పటికీ ఆమె వంటింటిదే.